గ్లాసు అడుగున జంగు

చెన్నబసమ్మ నాలుక అబద్ధమాడదు. నలభై ఏళ్లుగా ఇంటిల్లిపాదికీ ఉప్పు చూసిన నాలుక. రొమ్ములో గడ్డకు మూడో కీమో ఎక్కించుకొని వచ్చినప్పటి నుంచి, పొద్దున తాగే జొన్న అంబలి ఏదో నారింజ వాసన కొడుతోంది.

"ఇందుల ఏం కలిపినవే సుప్రీతా?"

"ఉప్పు, మజ్జిగ. ఇంకేం కలుపుత అత్తమ్మా?" అంది కోడలు. "కీమోకు నోరు చెడతదని డాక్టర్ చెప్పిండు గద."

నోరు చెడింది నిజమే. మరి గ్లాసు అడుగున పసుప్పచ్చ మరక? అదీ నోరు చెడితేనే వస్తుందా? పైగా మొన్న ఈ కోడలే కొడుకుతో "ఇంకెన్ని దినాలో" అంటుంటే చెవిన పడింది. ఆ మాట పడ్డ కాడినుంచి చెన్నబసమ్మకు కంటి మీద కునుకు లేదు.

ఆ పొద్దున పడుకున్నట్టే పడుకొని, తలుపు సందులోంచి వంటింటి మీద కన్నేసింది. సుప్రీత గ్లాసు గూట్లో పెట్టి, బర్రెకు గడ్డి వేయడానికి బయటికి పోయింది. అప్పుడొచ్చాడు చెన్నబసమ్మ మొగుడు రుద్రప్ప. అటూ ఇటూ చూసి, జేబులోంచి రూపాయంత బిళ్ళ తీసి గ్లాసులో వేశాడు. అంబలి బుసబుసా పొంగింది.

"దొరికినవ్! నువ్వా?"

రుద్రప్ప ఉలిక్కిపడ్డాడు. "ఒర్రకే, మెల్లగ మాట్లాడు. గడ్డ తోని, పరేషాన్ తోని నీ ఒంట్ల ఇనుముకు తుప్పు పట్టినట్టు జంగు పెరిగిందని డాక్టరే అన్నడు గద! ఖేడ్ బజార్ల మందుల దుకాణంల జంగు ఇడిపించే మందు అడిగితే గీ నారింజ విటమిన్ బిళ్ళలు ఇచ్చిండ్రు. చెప్తే నువ్వు తాగుతవా? నీకు ఎవలి మీద నమ్మకం ఉన్నది?"

ఆ మాటా నమ్మలేదామె. "ఫోన్ కలుపు. డాక్టర్ నోటెంబడి ఇంట."

రుద్రప్ప బిళ్ళల సంగతి చెప్తే డాక్టరు నవ్వలేదు. "జంగు పెరిగేది నిజమే. కానీ మా మందు కూడా కొంత ఆ జంగుతోనే గడ్డను కొడుతుంది. ఇంత గట్టి బిళ్ళ దానికి అడ్డం పడొచ్చు. ఎన్ని వేసినవ్?"

"పదకొండు."

"నష్టం జరిగిందని చెప్పలేను, జరగలేదనీ చెప్పలేను. వెంటనే ఆపు. పరేషాన్ అనేది బిళ్ళలతో పోయేది కాదు, ఆమెను నిద్రపోనీ."

రుద్రప్ప మొహం నేలకు దిగింది. చెన్నబసమ్మ కోడల్ని పిలిచింది.

"ఇంకెన్ని దినాలో అంటివి గద, ఏంది?"

"గీ కీమో సూదులే, అత్తమ్మా. నిన్ను చూడలేక అన్న."

"సరే. గది పారబోసి, నా ముంగటనే ఇంకోటి కలుపు."

సుప్రీత కలిపింది. చెన్నబసమ్మ ఒక గుక్క తాగి, "ఉప్పు తక్కువైంది" అంది.

రుద్రప్ప చటుక్కున ఉప్పు డబ్బా అందుకోబోయాడు.

"నువ్వు ముట్టకు" అన్నారు అత్తాకోడళ్లిద్దరూ.