ఏ ఒడ్డున కాపురం

డెబ్బై దాటాక డ్వేన్ కూబియాక్‌కి మళ్లీ పెళ్లి మీదికి మనసు పోయింది. ఆమె పేరు వెర్నా హాల్వర్సన్, బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇద్దరి ఇళ్లూ మిసిసిపీ నది పక్కనే. చిక్కల్లా ఒక్కటే, ఆయనది విస్కాన్సిన్ ఒడ్డు, ఆమెది మిన్నెసోటా ఒడ్డు. నడుమ ఒక వంతెన.

కొత్తలో ఆ తగాదా ఇద్దరికీ సరదాగానే ఉండేది.

"జున్నంటే మా విస్కాన్సిన్ చీజ్‌లా పళ్ల కింద కిచకిచమనాలి. మీ ఊళ్లో అమ్మేది జున్నా, రబ్బరా?" అనేవాడు డ్వేన్. "పైగా పన్నులొకటి. ఊపిరి పీల్చినా వేస్తారు మీవాళ్లు."

"వేస్తే వేశారు. మంచు పడిన పూట తెల్లారేసరికి మా వీధి శుభ్రంగా ఉంటుంది. మీ కొండ దారి ఏప్రిల్‌లో ఎండ వచ్చి కరిగించాల్సిందే."

"సరే, ఫుట్‌బాల్‌లో మీవాళ్లు కప్పు తెచ్చిందెప్పుడో చెప్పు."

"మోకాలు పట్టేసినప్పుడు నువ్వు ఏ ఒడ్డు ఆసుపత్రికి పరిగెత్తావో అది ముందు చెప్పు."

ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్లు. పెళ్లి మాట ఖాయమయ్యాక మాత్రం ఆ నవ్వు కాస్త పలచబడింది. కొండ మీద తాత కట్టిన ఇల్లు వదిలి రావడానికి డ్వేన్‌కి ప్రాణం ఒప్పలేదు. వెర్నా కదలనిదీ జున్ను కోసమో రోడ్ల కోసమో కాదు, తమ్ముడు ఆర్లెన్ కోసం. ఆర్లెన్ డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాడు, యాభై నిండాయి. తల్లి పోయినప్పటి నుంచి అక్క దగ్గరే ఉంటున్నాడు. ఊళ్లో బేకరీలో అట్టపెట్టెలు మడిచే ఉద్యోగం, రోజూ తనే బస్సెక్కి వెళ్తాడు.

డ్వేన్‌తో పేకాడే మిత్రులు ఊరుకుంటారా? "ఏరా, ఇల్లరికం పోతున్నావటగా! రేపు వాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఊదా రంగు చొక్కా తొడుక్కుని వస్తావు కాబోలు!" అని ఆటపట్టించారు. డ్వేన్‌కి పౌరుషం వచ్చింది. ఆర్లెన్ ఒప్పుకుంటే వెర్నా కాదనదు కదా అని లెక్కేసి, శనివారం అతన్ని చేపల వేటకి తీసుకెళ్లాడు.

నది గట్టిగా గడ్డకట్టి ఉంది. మంచు మీద నిలబెట్టిన చెక్క గుడిసెలో చిన్న హీటర్ పెట్టుకుని, తొలిచిన కన్నంలోకి గాలాలు వదిలి ఇద్దరూ కూర్చున్నారు. డ్వేన్ తన ఇంటి గురించి ఊరించి ఊరించి చెప్పాడు. జింకలు పెరట్లోకే వస్తాయన్నాడు. పైగదిలో కిటికీ తెరిస్తే నది మొత్తం కనబడుతుందన్నాడు.

ఆర్లెన్ అంతా విన్నాడు. "బస్సు ఎక్కడ ఆగుతుంది?" అని అడిగాడు.

"మా కొండ మీదికి బస్సు రాదయ్యా. నేను కారులో దింపుతాగా."

"రోజూనా?"

"రోజూ."

"నువ్వు చచ్చిపోతే?"

డ్వేన్ హీటర్ వైపు తిరిగి దాన్ని కాస్త పెంచాడు.

ఆర్లెన్ గాలం వంకే చూస్తూ మామూలుగా అన్నాడు: "అమ్మ పోయింది కదా. తర్వాత సోమవారం పనికి వెళ్లాను. అక్క ఏడ్చి ఏడ్చి పడుకుంది, అందుకే లేపలేదు. నేనే వెళ్లాను."

అంతలో దారం లాగింది. ఆర్లెన్ ఒక్క అరుపు అరిచి, ముంజేయి పొడవు చేపని పైకి లాగాడు. దాన్ని పట్టుకోబోయి డ్వేన్ కాఫీ ఫ్లాస్కు మీద పడ్డాడు. ఇద్దరూ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు. డ్వేన్ కళ్లు మాత్రం ఆ తర్వాత కూడా ఆరలేదు.

ఇంటికి తిరిగొచ్చేసరికి వెర్నా గుమ్మంలోనే నిలబడి ఉంది. "నీతో ఒక మాట చెప్పాలి. నేనే వచ్చేస్తాను. మీవైపు ఆర్లెన్‌కి వ్యాన్ ఏదైనా దొరుకుతుందేమో కనుక్కుంటున్నాను," అంది గబగబా, మళ్లీ ధైర్యం చాలదన్నట్టు.

"ఆలస్యం చేశావు. ఇల్లు అమ్మకానికి పెడుతున్నాను," అన్నాడు డ్వేన్, బూట్లు విప్పుకుంటూ.

"మతి పోయిందా? అది మీ తాత ఇల్లయ్యా!"

"తాతకి బస్సు అవసరం పడలేదు. ప్రతి శుక్రవారం హోటళ్లలో పెట్టే వేపుడు చేపకి మాత్రం మా ఒడ్డుకే వెళ్తాం, ముందే చెబుతున్నాను. జున్ను కూడా అక్కడిదే."

వెర్నా తడిసిన అతని కోటు తీసుకుని, దాన్ని ఎక్కడ తగిలించాలో తోచనట్టు చాలాసేపు గుండెకి ఆనించుకుని నిలబడింది.

ఏప్రిల్‌లో పెళ్లయింది. ఇల్లు ఒక కుర్ర జంట కొనుక్కుంది. తాళాలిచ్చిన రోజు డ్వేన్ అన్నం కూడా సరిగ్గా తినలేదు, పొద్దుగూకకముందే పడుకున్నాడు. వెర్నా అతన్ని కదిలించలేదు.

మర్నాడు పొద్దున ఆర్లెన్ వచ్చి, లేవమని దుప్పటి లాగాడు. తనతో పాటు బేకరీకి తీసుకెళ్లి అందరి ముందూ నిలబెట్టాడు.

"మా బావ," అన్నాడు. "విస్కాన్సిన్ వాడు."

"అయ్యో, పాపం!" అంది బేకరీ యజమానురాలు. లోపల పిండి కలిపేవాళ్లు కూడా నవ్వారు.

ఆర్లెన్ నవ్వలేదు. "ఊరుకోండి, ఆయనకి నిన్న దిగులుగా ఉంది," అని వేడి వేడి బన్ను ఒకటి తెచ్చి, డ్వేన్ చేతిలో పెట్టాడు.