మంచు ఎలుగు డాన్సు

"మళ్లీ ఐసు ట్రే ఖాళీ చేశావా? నా మోకాలికి అద్దుకోవడానికి ఒక్క ముక్కైనా మిగల్చవేంరా?" అని తల్లి కొడుకు మీద విరుచుకుపడింది.

"మీ అబ్బాయికి రెండో సంసారం ఉంది కదత్తయ్యా! తెల్లగా, ఒళ్లంతా బొచ్చుతో," అని కోడలు ఎకసెక్కమాడింది.

అతను జంతు ప్రదర్శనశాలలో మంచు ఎలుగును చూసుకుంటాడు. కొలనును చల్లబరిచే యంత్రం వేసవి మొదట్లోనే మూలపడింది. "అదే అలవాటు పడుతుందిలే," అని పై అధికారి చేతులు దులుపుకున్నాడు.

ఆ మధ్యాహ్నం భర్త మరిచిపోయిన క్యారేజీ ఇవ్వడానికి వెళ్లిన కోడలు ఆ ఎలుగును మొదటిసారి దగ్గర నుంచి చూసింది. గడ్డకట్టే చలిలో బతకడానికి దాని జాతి వేల తరాలుగా కూడబెట్టుకున్న కొవ్వు, దట్టమైన బొచ్చు ఇక్కడ దాన్ని నిలువునా ఉడకబెడుతున్నాయి. అది గోడ వారగా నిలబడి ఆగకుండా తల ఊపుతోంది. "డాన్సు! డాన్సు!" అంటూ జనం చప్పట్లు కొడుతున్నారు. భర్త దాని మీద బకెట్టుతో నీళ్లు పోస్తున్నాడు. భార్య వచ్చిందని తెలిసినా తలెత్తలేదు.

రాత్రి భోజనాల దగ్గర అతను అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"కూర బాలేదా?" అని భార్య అడిగింది.

"ఆ యంత్రం ఇక బాగుచేయించరట. ఆ ఎలుగు నా కళ్ల ముందు చావడం చూడలేను. రేపటి నుంచి పాముల దగ్గరకు మార్పించుకున్నాను. వాటికి ఈ ఎండ సరిపడుతుంది."

తల్లి హమ్మయ్య అనుకుంది. భార్య మాత్రం చేతిలోని ముద్ద తిరిగి కంచంలో పెట్టేసింది.

"మరి దాన్నెవరు చూస్తారండీ?"

"జనం చూస్తున్నారుగా," అన్నాడతను.