ఉయ్యాల మీది తోట

కోరుట్లలో అక్తర్ బేగం డాబా ఎక్కినవాళ్లు అది ఇంటి పైకప్పంటే నమ్మరు. ఈ మూల నుంచి ఆ మూల దాకా పరిచిన మన్ను, అందులో గరిక, పుదీనా, బచ్చలి, నడుమ బంతిపూలు. ఎండాకాలం పక్క డాబాల మీద కాలు మోపితే బొబ్బలెక్కుతాయి. ఇక్కడ పిచ్చుకలు మట్టిలో దొర్లి ఆడుకుంటాయి. వానొస్తే పక్క ఇళ్ల గొట్టాల నుంచి నీళ్లు సందులోకి దబదబా దూకుతాయి. ఈ ఇంటి గొట్టం మాత్రం తాగగా మిగిలింది వదిలినట్టు మెల్లగా కారుతుంది.

ఆ మన్ను కిందనే కవిత అద్దెకున్న గది. భర్త సంజయ్ సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేస్తూ వారానికోసారి వచ్చిపోతాడు. కవిత బీడీలు చేస్తుంది. అంతకుముందున్న రేకుల గదిలో బిడ్డ రిషితకు ఒళ్లంతా చెమటకాయలు లేచి ఒకటే ఏడుపు. ఇక్కడికొచ్చాక మిట్టమధ్యాహ్నం కూడా ఉయ్యాలలో నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కవితకు ఆ చల్లదనం చూస్తే మురిపెం, నెత్తిన ఉన్న మన్ను తలుచుకుంటే దడ.

ముసురు పట్టిన వారంలో ఉయ్యాల పక్క గోడకు, పైన స్లాబు దగ్గర, తడి మచ్చ కనిపించింది. మర్నాటికి చేటంత అయింది. సంజయ్‌కు ఫోన్ చేసి సిరిసిల్లలో గది చూడమంది. బిడ్డను చంకనేసుకుని డాబా ఎక్కింది.

“ఖాలా, నీ తోట మా మీద పడేటట్టున్నది. మన్నన్న తీపియ్యి, లేకుంటే మేం పోతం.”

పుదీనా తెంపుతున్న అక్తర్ బేగం తలెత్తింది. “ఏమైంది బిడ్డా? గంత మొకం మాడ్సుకున్నవ్.”

“గోడ తడిసింది. స్లాబు నాని కూలితే నా పోరి గతేంది?”

“మా ఇంటాయన కట్టేటప్పుడే పైన తోట ఏస్తమని చెప్పి పిల్లర్లు దొడ్డుగ పోపిచ్చిండు. గా మన్నుల సగం కొబ్బరిపీచే. కింద మందం కవరు పర్శినం.”

“గవన్నీ నాకేం ఎర్క ఖాలా. ఏడో తరగతి కాడనే ఇడ్సిపెట్టినదాన్ని. తడైతే కండ్లకు కనవడుతున్నది.”

మచ్చ ఏ గోడకో, ఏ మూలనో అక్తర్ బేగం అడిగి తెలుసుకుంది. మచ్చకు సరిగ్గా పైనున్న చోట బచ్చలి తీగను పక్కకు జరిపి, పారతో మన్ను తోడి, కవరు అంచు లేపింది.

“చెయ్యి పెట్టి సూడు.”

కవిత చెయ్యి పెట్టింది. వేళ్లకు పొడి దుమ్ము అంటింది.

“రంజాన్ రోజాలల్ల నా నాలిక గూడ గింత ఎండదు,” అంది అక్తర్ బేగం.

ఇద్దరూ కిందికి దిగారు. అక్తర్ బేగం స్టూలెక్కి మచ్చను తడిమి, వేళ్లు వాసన చూసి, సజ్జ మీద గోడకానించి ఉన్న గోనెమూటను లాగింది. బీడీలకు నానబెట్టిన తునికాకు. ఆకు మెత్తగా ఉండాలని తడి గోనెలో చుడతారు. కింద పెడితే రిషిత నోట్లో పెట్టుకుంటోందని కవిత రోజూ దాన్ని సజ్జెక్కిస్తోంది. ఆ తడే గోడలోకి పాకింది. పైనున్న మన్ను మీదే భయమంతా పెట్టుకున్న కవితకు మూట సంగతి తట్టనే లేదు.

“తడేమో నీ ఆకుది, తిట్లేమో నా బచ్చలికి,” అని అక్తర్ బేగం కిసుక్కున నవ్వింది.

కవిత తల వంచుకుంది. బిడ్డను ఉయ్యాలలో వేసి మళ్లీ డాబా ఎక్కింది. కవరు అంచు సర్ది, తోడిన మన్నును పారతో కాకుండా చేతులతోనే ఎత్తి పోసింది. అది తను భయపడ్డంత బరువు లేదు. బచ్చలి వేళ్లు విరగకుండా ఒక్కొక్కటే కప్పుతుంటే ముసురు విడిచిన ఎండ వీపు మీద చురుక్కుమంది. కిందికొచ్చి చూస్తే రిషిత కాళ్లు ముడుచుకుని పడుకుంది.

అప్పుడే సంజయ్ ఫోన్. “రూము దొరికిందే. రేకులదే. మాట్లాడాల్నా?”

“వద్దు. ఐతారం వచ్చేటప్పుడు పిల్లకు దుప్పటి తే. గీడ పగటీలి గూడ సలి వెడుతున్నది.”