మూడు రంగుల డబ్బాలు

ఆ పాలపొడి డబ్బాని చూస్తే నాకిప్పుడు డోకొస్తుంది.

మా చెల్లెలి కూతురు అయిదు నెలల పసిపాప. ఆ పిల్లకి తల్లిపాలు కూడా పడవు. పుట్టిన వారానికే ఒళ్లంతా పచ్చబడి ఆసుపత్రిలో పడింది. అలాంటి పిల్లల కోసం విడిగా చేసే పొడి ఒకటుంది. అదే పట్టాలి. అది లేకపోతే మళ్లీ ఆసుపత్రే. ఈసారి పిల్ల తిరిగొస్తుందని డాక్టరు మాటివ్వలేదు.

మేనమామకి మందుల షాపు ఉండగా భయమేమిటని అందరూ అన్నారు. నేనూ అన్నాను. పైగా ముందుచూపున్న మనిషినని నాకో గర్వం. పచ్చ డబ్బా, నీలం డబ్బా, ఎర్ర డబ్బా, మూడు కంపెనీలవీ వంతులవారీగా తెప్పిస్తాను. ఒకడు ఎగ్గొట్టినా ఇంకో ఇద్దరుంటారు కదా! ఈ తెలివి గురించి చెల్లెలి అత్తగారి ముందు కూడా గొప్పలు పోయాను.

సోమవారం మూడూ ఒకేసారి ఆగిపోయాయి.

హోల్‌సేలర్‌కి ఫోన్ చేస్తే నీళ్లు నమిలాడు. "పొడి ఆరబెట్టే మెషీన్ కాలిపోయిందట సార్. రెండు నెలలు పట్టచ్చు."

"ఎవరి ఫ్యాక్టరీలో?"

"అందరిదీ అదే కదా సార్! మీకు తెలీదా?"

మూడు డబ్బాలూ తిరగేశాను. చీమ తలకాయంత అక్షరాల్లో తయారీ చిరునామా. మూడింటికీ అదే వీధి, అదే నంబరు. ఇరవై రెండేళ్లుగా మందులమ్ముతున్నాను. గడువు తేదీ చూడకుండా ఒక్క డబ్బా అలమారా ఎక్కించలేదు. దాని కింది లైను మాత్రం ఏనాడూ చదవలేదు. ఛీ, నా బతుక్కి!

మధ్యాహ్నం పచ్చ డబ్బా కంపెనీ రెప్ చొక్కా నలక్కుండా దిగాడు. మిగతా రెండు కంపెనీల్నీ వీళ్లే కొనేసి, వాటి ఫ్యాక్టరీలు మూసేశారట. "ఒక్కచోటే చేస్తే క్వాలిటీ బాగుంటుంది సార్," అన్నాడు పళ్లికిలిస్తూ.

"మరి మూడు రంగులెందుకయ్యా?"

"కస్టమర్‌కి చాయిస్ ఉండాలి కదా సార్!"

మెడపట్టి గెంటాలనిపించింది. గెంటలేదు. రేపు సరుకొస్తే ముందు ఎవరికివ్వాలో చెప్పేది వాడే. కుర్చీ వేసి, చల్లటి నీళ్లిచ్చి పంపాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

షాపులో ఆరు డబ్బాలు మిగిలాయి. ఒక్కోటి నాలుగు రోజులొస్తుంది. రెండు నెలలు గడవాలి. ఆరూ తీసి కౌంటరు కింద నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను.

చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఉన్నాయి కదా?"

"ఉన్నాయమ్మా. బెంగపెట్టుకోకు."

ఫోన్ పెట్టేసేసరికి ఎదురుగా కుట్టుపని చేసే ఆవిడ, మెళ్లో టేపు తియ్యకుండానే పరిగెత్తుకొచ్చింది. వాళ్ల బాబుకీ ఇదే జబ్బు, ఇదే పొడి. నా మాటలు విందో లేదో తెలీదు.

"లేవమ్మా. అంతటా అంతే," అన్నాను.

"ఒక్కటైనా చూడండన్నా. ఇంట్లో ఇంక రెండు చెంచాల పొడే ఉంది."

"మెయిన్ రోడ్డు షాపులో అడిగి చూడండి," అన్నాను అలవాటు కొద్దీ.

"అది మీరు కొని మూసేశారు కదన్నా?" కోపంగా కూడా అనలేదు. "ఇంకెక్కడికి పోను?"

నిజమే. పోయినేడే కొన్నాను. ఈ పేట మొత్తానికి నేనొక్కణ్ణే ఉంటే చాలనుకున్నాను. ఆవిడ మొహం చూడలేకపోయాను.

"లేవమ్మా," అన్నాను మళ్లీ. అంటూనే కాలితో ఆ డబ్బాల్ని ఇంకాస్త లోపలికి నెట్టాను.