కళ్ళెం లేని కండ

ఆ పందుల షెడ్డులోకి పోవాలంటే అత్తారింటికి పోయినంత తతంగం. ఒంటిమీది గుడ్డలు విప్పి, తలస్నానం చేసి, వాళ్ళిచ్చిన చొక్కా తొడుక్కోవాలి. ఫోను కూడా బయటే. బయటి పందిని ముట్టినవాడు రోగాలు మోసుకొస్తాడని మూడు రోజులు గేటు దాటనివ్వరు.

కాపరికి ఈ పూటతో ఆ పీడ వదలాలి. బేకరీలో పని దొరికింది. మధ్యాహ్నం లోపు చేరకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానన్నాడు యజమాని. ఇక్కడ తన బదులు తోడల్లుణ్ణి కుదిర్చాడు. వాడు లోపల అడుగు పెడితేనే తను బయట అడుగు పెట్టాలి. మనిషి లేకుండా షెడ్డు వదలకూడదు మరి.

సరిగ్గా అప్పుడే పందికి నొప్పులొచ్చాయి.

దాని కడుపులోవి మామూలు పిల్లలు కావు. కండ ఇంత చాలు అని ఆపే జీన్ ఒకటి ఒంట్లో ఉంటుందట. అది తీసేస్తే కండ ఎందాకా పెరుగుతుందో చూడాలని డాక్టరమ్మ పరిశోధన. కళ్ళెం తీసిన గుర్రం ఎటు పోతుందో చూడ్డానికి ఇంత చదువెందుకో కాపరికి అర్థమై చావలేదు. మొదటి పిల్ల ముట్టె కనపడింది. భుజాలు ఇరుక్కుపోయాయి.

"కోసి తియ్యాలి. దీన్ని కదలనివ్వకు," అంది డాక్టరమ్మ, మత్తు సూది సిద్ధం చేస్తూ.

గేటు వైపు గోడకున్న అద్దం అవతల తోడల్లుడు ప్రత్యక్షమయ్యాడు. గోడ స్పీకర్లో వాడి గొంతు ఖంగుమంది.

"అన్నయ్యా, నన్ను రానివ్వట్లేదు!"

"ఏం వెలగబెట్టావురా?"

"నీ పరువు తియ్యకూడదని, నిన్నంతా మా వీధి చివర పందుల దొడ్లో ప్రాక్టీసు చేశా. కడిగా, మేత పెట్టా. అదే గేటు దగ్గర గొప్పగా చెప్పా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

"పంది పని పంది దగ్గర కాక పావురం దగ్గర నేర్చుకుంటారా?"

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "ఇక నువ్వే ఉండాలి."

"అమ్మా, నా పని పోతుంది."

"ఇప్పుడు వదిలేస్తే ఇవన్నీ పోతాయి."

కాపరి పంది మీంచి చేతులు తియ్యలేదు. "ఒరే, పరిగెత్తు. ఆ బేకరీ ఆయన కాళ్ళావేళ్ళా పడు. నేనొస్తానని, ఆగమని చెప్పు."

పంది డొక్క కోశారు. ఇరుక్కున్న పిల్లను వెనకనుంచి కాపరి లోపలికి నెట్టాడు, కోసిన చోటునుంచి ఆమె లాగింది. బతికినవి బతికాయి. మొదటిదానికి పహిల్వాను తొడలు, నిలబడదామంటే కాళ్ళు రావు. దాన్ని ఎత్తి తల్లి చన్నుకు ఆనించి పట్టుకున్నాడు.

తోడల్లుడు రొప్పుతూ తిరిగొచ్చాడు. ముఖం ఎటో పెట్టాడు.

"ఆగనన్నాడన్నయ్యా. ఎదురుగా మనిషి ఉండగా ఎదురుచూడ్డమెందుకని... నన్నే చేరమన్నాడు."

"మరి ఇక్కడికి ఎవడొస్తాడురా?"

"నువ్వున్నావుగా."

తిట్టడానికి నోరు తెరిచాడు కాపరి. చేతిలో పిల్ల చన్ను వదిలేసి జారిపోతోంది. దాన్ని మళ్ళీ సర్ది తలెత్తేసరికి అద్దం అవతల ఎవరూ లేరు.