తొమ్మిదో మడి

జోడు తిరగేసి, రెండు బూట్లనూ రాతికేసి కొట్టింది బూట్లమ్మ. ఎండిన మట్టి పెళ్ళలు రాలాయి. లోపల చెయ్యి పెట్టి తడి చూసింది. పాత గుడ్డ కూరి, సైజుల వరసలో చెక్క మీద పెట్టింది. ఇంకో జోడు అందుకుంది.

కొండవాలున మెట్లు మెట్లుగా ఉన్న వరి మళ్ళు చూడడానికి వచ్చేవాళ్ళకు రబ్బరు బూట్లు ఇవ్వడం, వాళ్ళు దిగి వచ్చాక కడిగి ఆరబెట్టడం ఆమె పని. అందుకే అందరికీ బూట్లమ్మ అయింది. పదకొండేళ్ళుగా నీళ్ళలో నానీ నానీ ఆమె వేళ్ళు ముడతలు పడిపోయాయి. కొట్టు వెనకాలే కిందిమడి గట్టు ఉన్నా, ఈ పదకొండేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా మడిలో కాలు పెట్టలేదు.

బూటు తుడుస్తూ ఆగి, చెవి రిక్కించింది. పైనుంచి కిందికి తొమ్మిది మళ్ళు. ఒక్కో గట్టుకూ ఒక మడవ. ఆ గండిలోంచి నీళ్ళు కిందికి దూకుతుంటే కొట్టులోకి తొమ్మిది చప్పుళ్ళు వినిపించేవి. ఎనిమిది రోజులుగా రోజుకొకటి ఆగిపోతోంది. ఇవాళ ఒక్కటే మిగిలింది.

"అక్కా, ఇవాళ రెండు బస్సులట. బూట్లు చాలవు," అంది గేటు దగ్గర టిక్కెట్లు చింపే చెల్లెలు. "ఆ మేకుకి వేలాడే జత కూడా దించరాదూ? బావొచ్చి అడుగుతాడా ఏంటి?"

"అడిగితే?"

చెల్లెలు నవ్వబోయి, అక్క మొహం చూసి మానేసింది.

ఆ జత బూట్లమ్మ భర్తది. ఈ మళ్ళకు నీళ్ళు కట్టింది అతనే. సాయంత్రం పైనుంచి ఒక్కో మడవా మట్టితో మూసుకుంటూ దిగి, తొమ్మిదోది కూడా మూశాక ఇంటికి వచ్చేవాడు. ఒక వానరోజున అతని బూట్లు కడిగి ఆరేసింది ఆమే. అవి ఆరకముందే "ఒక్కపూటకి ఏమైపోతానులే" అంటూ వట్టికాళ్ళతో కొండెక్కాడు. పైగట్టు మీద కాలు జారిందన్నారు. జారిన మట్టినంతా తవ్వినా మనిషి దొరకలేదు.

ఎనిమిది రోజుల కిందట ఒక పెద్దాయన బూట్లు విప్పుతూ, "పైమడిలో ఎవరో వంగి మట్టి పెడుతున్నాడమ్మా, కాళ్ళకేమీ లేకుండా," అన్నాడు. మర్నాడు ఒక కొత్త జంట రెండో మడిలో చూశామన్నారు. ఆ తర్వాత మూడు, నాలుగు. చెప్పినవాళ్ళెవరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళు కారు. ఎవరికీ అతని మొహం కనిపించలేదు.

"కొత్తగా ఎవర్నో పన్లో పెట్టుంటార్లే," అంది చెల్లెలు.

"అప్పుడు ఒక్క సాయంత్రం పట్టేది," అంది బూట్లమ్మ. "ఇప్పుడు రోజుకొకటి. కాళ్ళు నొప్పి కాబోలు."

చెల్లెలు ఆ మాట విననట్టు గేటు వైపు వెళ్ళిపోయింది.

పొద్దు వాలేసరికి అందరూ దిగి వచ్చేశారు. అందరికన్నా ఆఖర్న ఒంటరిగా ఒక అమ్మాయి వచ్చింది. మెడలో కెమెరా ఉంది. బూట్లు విప్పి ఇస్తూ, "పెద్దమ్మా, అక్కడ గట్టు మీద ఒకాయన కూర్చునున్నాడు. ఈ కొట్టు వంకే చూస్తున్నాడు. పలకరిస్తే పలకలేదు," అంది. "కాళ్ళు తెల్లగా నానిపోయాయి పాపం. ఇన్ని బూట్లున్నాయి కదా, ఆయనకో జత ఇవ్వకూడదూ?"

"ఇస్తానమ్మా," అంది బూట్లమ్మ. "అప్పుడే ఇవ్వాల్సింది."

అమ్మాయి బస్సెక్కింది. బూట్లమ్మ మేకుకున్న జత దించింది. కొంగుతో మెరిసేలా తుడిచింది. కొట్టు వెనక్కి వెళ్ళి, తొమ్మిదో మడి గట్టు మీద వాటిని పక్కపక్కనే పెట్టింది. తలెత్తి పైకి మాత్రం చూడలేదు. తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చుని, అమ్మాయి విప్పి వెళ్ళిన బూట్లు ఒళ్ళోకి తీసుకుంది.

వెనకాల నీళ్ళ చప్పుడు సన్నబడింది. గడ్డిపోచ మీంచి జారుతున్నంత సన్నగా వినిపించింది. తర్వాత అదీ వినిపించలేదు.

బస్సుల్ని పంపించి గేటు మూసి వచ్చింది చెల్లెలు. "అక్కా, పద. ఇంకా ఆ రెండు బూట్లే తోముతున్నావా?"

బూట్లమ్మ గుంజకి ఆనుకుని ఉంది. చేతిలో బ్రష్షు అలాగే ఉంది. చెల్లెలు భుజం మీద చెయ్యి వేసి కదిపింది. మెడ ఒక పక్కకి వాలింది. చెల్లెలు అక్కడే నేల మీద కూలబడింది. ఎంతసేపు పిలిచినా అక్క పలకలేదు. కొండ మీద ఎక్కడా చుక్క నీటి చప్పుడు లేదు.

అప్పుడు చూసింది. మేకు ఖాళీగా ఉంది. ఇంటికొచ్చిన మనిషి గుమ్మంలో విప్పినట్టు, బావ బూట్లు అక్క కాళ్ళ పక్కన ఉన్నాయి. వాటి నిండా పచ్చి బురద. అక్కలాగే చెల్లెలు కూడా ఒకదానిలో చెయ్యి పెట్టి చూసింది. లోపలంతా తడి, ఇంకా వెచ్చగానే ఉంది.