తూర్పు గాలి తగాదా

భూమికి తొంభై కిలోమీటర్ల పైన గాలి ఎటు వీస్తే ఎవరికేం? కానీ ఆ పరిశోధన కేంద్రంలో దాని మీద బావా మరదళ్ళకు రోజూ కీచులాటే. బావది రాడార్. రాలిన ఉల్క వదిలే జాడ ఎటు కొట్టుకుపోతోందో పట్టుకుని గాలి లెక్క చెబుతుంది. మరదలిది కెమెరా. ఆ ఎత్తున కంటికి ఆనని పచ్చటి వెలుగు ఒకటి ఉంటుంది. దాన్ని రెండు గాజు పలకల గుండా వలయాలుగా చూసి, గాలితో పాటు అక్కడి వేడి కూడా చెబుతుంది.

"నీ కెమెరాకి మళ్ళీ తిక్క రేగిందే మరదలా!" పొద్దున్నే బావ పలకరింపు ఇదే. "రాత్రి గాలంతా పడమటి నుంచి వీస్తుంటే నీది కాసేపు తూర్పు నుంచి పరిగెత్తుకొచ్చింది."

"నీ రాడారే కునుకు తీసుంటుంది బావా," అనేది ఆమె.

పైకి నవ్వేదే గానీ లోపల గుబులు. ఈ నెలాఖరుకి రెండు లెక్కలూ కలవకపోతే కెమెరా విప్పి గోదాములో పడేయిస్తానని డైరెక్టర్ తేల్చి చెప్పారు. ఆరేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్న కెమెరా. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

ఆఖరి రోజు పొద్దున కెమెరా గీసిన గాలి గీతల కాగితాలన్నీ బల్ల మీద పరిచి కూర్చుంది. తూర్పు గాలి అసలు రాని రాత్రులు కొన్ని కనిపించాయి. అక్కకు జ్వరమొచ్చి బావ సెలవు పెట్టిన రాత్రులవి! గాజు పలకలున్న గది పిసరంత వేడెక్కినా వలయాలు జరిగి, లేని గాలి ఉన్నట్టు చూపిస్తాయి. అందుకే రాత్రిపూట అందులోకి ఎవరూ అడుగుపెట్టకూడదు.

"బావా, రాత్రుళ్ళు నా గదిలో నీకేం పని?"

"మా గది కొలిమే అనుకో. నీ గదిలో ఏసీ హాయిగా ఉంటుందని కాసేపు నడుం వాల్చి..."

"మనిషివా, కుంపటివా?" అంటూ పకపకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. డ్యూటీలో పడుకున్నాడని తెలిస్తే డైరెక్టర్ ఊరుకోరు. బావకి ప్రమోషన్ రావలసింది కూడా ఈ నెలలోనే. నోరు విప్పితే బావకి ముప్పు, విప్పకపోతే కెమెరాకి.

డైరెక్టర్ ముందు గీతలు పెట్టింది. "రాత్రుళ్ళు గది తలుపు తెరుచుకుంటోంది సార్. అందుకే ఈ తేడా."

"ఎవరు తెరుస్తున్నారు?"

ఆమె తల దించుకుని గీతల కాగితాలు సర్దసాగింది.

"చెప్పలేకపోతే ఇదంతా సాకు అనుకోవాలి," అంటూ ఆయన కలం తీశారు.

"ఆ తూర్పు గాలిని నేనే సార్," అంటూ గుమ్మంలోంచి బావ లోపలికి వచ్చాడు.

కెమెరా నిలిచింది. బావ ప్రమోషన్ మాత్రం ఏడాది వెనక్కి పోయింది.

వరండాలోకి రాగానే ఆమెకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఇన్నాళ్ళూ ఏడిపించిన మనిషి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"ఎందుకు చెప్పావు బావా? అక్కకి నేనేం చెప్పను?"

"మీ అక్కకి నేను సర్దిచెప్పుకుంటాలే," అన్నాడు బావ. "ఇంత లావు మనిషిని ఆకాశం ఎక్కించిన కెమెరాని గోదాములో పడేస్తే చూస్తూ ఊరుకుంటానా?"